ముసలి ఇంజనుకి ఊపిరి పరీక్ష – కంప్రెషన్ అంకెలు ఏం చెప్తాయి?



గోడపత్రికలో ఈసారి నేను ఇంజను గురించి రాస్తున్నాను. “ఆడపిల్లకి ఇంజనుతో పనేంటే?” అని మా గదిలో కొందరు నవ్వారు. నవ్వండి, కాని చదవండి. సంక్రాంతి సెలవులకి మనం ఇళ్ళకి వెళ్ళేది పాత వ్యాన్లలో, పాత జీపుల్లోనే కదా! ఊళ్ళో ఎవరికైనా జ్వరం ముదిరితే, నొప్పులు వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళేది కూడా ఆ బండ్లే. ఆ బండి ఘాట్‌లో ఆగిపోతే డోలీ కట్టాల్సిందే. అందుకే ముసలి ఇంజనుకి ఎంత సత్తువ మిగిలిందో తెలుసుకోవడం ఒక్క డ్రైవరు పని కాదు, మన అందరి పని.

దానికి ఒక పరీక్ష ఉంది. దాని పేరు కంప్రెషన్ పరీక్ష. పరీక్ష చెయ్యడం పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. వచ్చిన అంకెల్ని చదవడమే అసలు పని. ఒక్క అంకె చూసి “ఇంజను పోయింది” అనకూడదు. ఎందుకో చూద్దాం.

ఇంజను ఊపిరి తీసుకునే పద్ధతి

పెట్రోలు ఇంజనులో సిలిండర్లు ఉంటాయి. చిన్న వ్యాన్లకి మూడు, జీపులకి, కార్లకి ఎక్కువగా నాలుగు. సిలిండరంటే గుండ్రటి ఇనప గొట్టం అనుకోండి. దాంట్లో పిస్టన్ పైకీ కిందకీ ఆడుతూ ఉంటుంది. గొట్టం పైన మూత ఉంటుంది. దాన్ని హెడ్డు అంటారు. హెడ్డులో రెండు రకాల తలుపులు. ఒకటి గాలి లోపలికి వచ్చేది, ఇంకొకటి పొగ బయటికి పోయేది. ఈ తలుపులే వాల్వులు.

పిస్టన్ నాలుగు అడుగుల్లో పని చేస్తుంది.

మొదటిది: పిస్టన్ కిందకి దిగుతుంది, గాలి, పెట్రోలు లోపలికి వస్తాయి.
రెండవది: తలుపులు రెండూ మూసుకుంటాయి. పిస్టన్ పైకొచ్చి ఆ గాలిని నొక్కుతుంది.
మూడవది: ప్లగ్గు నిప్పురవ్వ కొడుతుంది. మంట పిస్టన్‌ని కిందకి తోస్తుంది. బండి నడిచేది ఈ తోపుతోనే.
నాలుగవది: పొగ బయటికి పోతుంది.

ఇలా నాలుగు అడుగులతో నడిచే ఇంజనుని 1876లో జర్మనీలో నికొలస్ ఒట్టో అనే ఆయన చేసి చూపించాడు. మనం ఎక్కే ఆటోకి ఆ పేరు ఆయన వల్ల రాలేదు, పొరపాటు పడకండి!

రెండో అడుగు చాలా ముఖ్యం. గాలిని ఎంత గట్టిగా నొక్కితే మంట అంత బలంగా తోస్తుంది. పెట్రోలు ఇంజను సుమారు తొమ్మిది వంతుల గాలిని ఒక వంతు చోటులోకి నొక్కుతుంది. ఈ నొక్కుడునే కంప్రెషన్ అంటారు. మన సైన్సు పుస్తకంలో పీడనం అని చదివామే, అదే ఇది.

గట్టిగా నొక్కితే గాలి వేడెక్కుతుంది కూడా. సైకిలుకి గాలి కొట్టినప్పుడు పంపు అడుగు పట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటుంది. వేడెక్కిన గాలి ఇంకా ఎక్కువగా తోస్తుంది. అందుకే సిలిండరులో వచ్చే పీడనం మామూలు హెచ్చవేత లెక్క కన్నా ఎక్కువే ఉంటుంది.

గాలి ఎటు పోతుంది?

మన వంటగదిలో పెద్ద కుక్కరు ఉంది కదా. ఒక్కోసారి ఎంతసేపైనా విజిలు రాదు. అప్పుడు వంటామె ఏం చేస్తుంది? మూత రబ్బరు చూస్తుంది, పైన వెయిటు చూస్తుంది, సేఫ్టీ వాల్వు చూస్తుంది. ఆవిరి వీటిలో ఎక్కడినుంచో పోతోందన్నమాట. పొయ్యిదీ తప్పు కాదు, బియ్యానిదీ తప్పు కాదు.

ఇంజను కూడా అంతే. నొక్కిన గాలి పారిపోవడానికి ముఖ్యంగా మూడు దార్లున్నాయి.

ఒకటి – పిస్టన్ పక్కనుంచి. పిస్టన్ చుట్టూ ఇనప రింగులు ఉంటాయి. అవి సిలిండరు గోడకి ఆనుకుని గాలిని ఆపుతాయి. లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిలో రింగులు, గోడ రెండూ అరిగిపోతాయి.

రెండు – వాల్వుల దగ్గర. వాల్వు అంచు కాలిపోయినా, మసి అడ్డుపడినా, పూర్తిగా మూసుకోకపోయినా గాలి పోతుంది.

మూడు – హెడ్డుకి, కింద బ్లాకుకి మధ్య పలచటి రేకులాంటిది ఉంటుంది. అదే హెడ్ గ్యాస్కెట్. ఇంజను బాగా వేడెక్కితే అది కాలిపోతుంది.

ఈ మూడింటికీ మందులు వేరు, ఖర్చులు వేరు. వాల్వు పాడైతే హెడ్డు విప్పితే సరిపోతుంది. గ్యాస్కెట్ పోయినా అంతే. రింగులు, గోడలు అరిగిపోతే మాత్రం మొత్తం ఇంజను దించాలి, సిలిండర్లని లేతు మీద మళ్ళీ తొలవాలి. షెడ్డువాళ్ళు దాన్ని “బోరుకి వచ్చింది” అంటారు. మన ఊళ్ళలో బోరింగు అంటే నీళ్ళది, షెడ్డులో బోరింగ్ అంటే ఇది. నీళ్ళ బోరింగుతో కూడా ఈ వ్యాసంలో పని ఉంది, కింద చెప్తాను.

పరీక్ష ఎలా చేస్తారు?

దీనికి కంప్రెషన్ గేజి కావాలి. టైరుకి గాలి చూసే గేజిలాగే ముల్లు ఉంటుంది. కాని టైరులో 30 చూస్తాం, ఇక్కడ 150, 180 దాకా చూడాలి. అంకెలు పి.ఎస్.ఐ. లెక్కలో గాని, కిలోల లెక్కలో గాని ఉంటాయి. చదరపు సెంటీమీటరుకి ఒక కిలో అంటే సుమారు 14 పి.ఎస్.ఐ. ఈ వ్యాసంలో అన్నీ పి.ఎస్.ఐ. లెక్కలోనే రాశాను.

వరస ఇది:

1. ఇంజను కాసేపు తిప్పి వేడి చెయ్యాలి. చల్లగా ఉంటే అంకెలు తక్కువ వస్తాయి.
2. బ్యాటరీ నిండుగా ఉండాలి.
3. అన్ని ప్లగ్గులూ విప్పెయ్యాలి. ఒక్కటే విప్పితే మిగతా సిలిండర్ల బరువుకి ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది.
4. నిప్పురవ్వ రాకుండా, పెట్రోలు పోకుండా వైర్లు తప్పించాలి. లేకపోతే ప్లగ్గు కన్నంలోంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకోవచ్చు.
5. ఒక ప్లగ్గు కన్నంలో గేజి బిగించాలి.
6. ఒకరు ఎక్స్‌లేటరు పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. తొక్కకపోతే గాలి సరిగ్గా లోపలికి రాదు.
7. సెల్ఫ్ కొట్టి ఐదారు నొక్కులు పడేదాకా తిప్పాలి. అన్ని సిలిండర్లకీ ఒకే లెక్క.
8. మొదటి నొక్కుకి ముల్లు ఎక్కడికి వెళ్ళిందో, చివరికి ఎక్కడ ఆగిందో రెండూ రాసుకోవాలి.

ఇది పెద్దవాళ్ళు షెడ్డులో చేసే పని. మనం దగ్గరుండి చూడొచ్చు, రాయొచ్చు. తిరిగే ఫ్యాను దగ్గరికి మాత్రం జడ, చున్నీ పోనివ్వకూడదు.

డీజిలు బండికి ఈ గేజి పెట్టకూడదు. డీజిలు ఇంజనులో పీడనం పెట్రోలు ఇంజనుకి రెండు రెట్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. దానికి వేరే గట్టి గేజి ఉంటుంది.

ఎంత రావాలి?

ప్రతి ఇంజనుకీ కంపెనీ పుస్తకంలో ఒక అంకె రాసి ఉంటుంది. మంచి స్థితిలో ఉన్న పెట్రోలు ఇంజన్లకి సాధారణంగా 140 నుంచి 190 లోపు వస్తుంది. 100 కంటే కిందకి పడిపోతే స్టార్టు అవడమే కష్టమని మెకానిక్కులు చెప్తారు.

ఇక్కడ మన కొండలవాళ్ళకి ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పాడేరు, అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. 900 మీటర్ల దగ్గర గాలి పీడనం విశాఖపట్నం కంటే పదో వంతు తక్కువ. లోపలికి వచ్చే గాలే తక్కువైతే నొక్కిన తరవాత వచ్చే అంకె కూడా తక్కువే ఉంటుంది కదా. విశాఖలో 170 చూపించే ఇంజను పాడేరులో 150 దగ్గర చూపిస్తుంది. బండి అదే, ఇంజను అదే. కొండ ఎక్కిందంతే. ఇది తెలియనివాళ్ళు “పుస్తకంలో 170 ఉంది, నీకు 150 వచ్చింది, ఇంజను అరిగిపోయింది” అనేస్తారు.

అంకెల్ని పక్కపక్కన పెట్టాలి

ప్రోగ్రెస్ కార్డు చూసేటప్పుడు మన సార్లు ఒక్క సబ్జెక్టు మార్కు చూసి పిల్ల మొత్తం చదవదు అనరు. అన్ని సబ్జెక్టులూ కలిపి చూస్తారు. అన్నిటిలో 70 వచ్చి ఒక్క లెక్కల్లో 30 వస్తే లెక్కల్లో ఏదో అర్థం కాలేదన్నమాట. అన్నిటిలోనూ 30 వస్తే పిల్లకి ఒంట్లో బాగోలేదేమో, పరీక్షలప్పుడు జ్వరమేమో చూడాలి. సిలిండర్ల అంకెలు కూడా ఇలాగే చదవాలి.

మెకానిక్కులు వాడే ఒక లెక్క ఉంది. అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకె, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకెలో ముప్పావు వంతు కన్నా తగ్గకూడదు. ఉదాహరణకి ఎక్కువది 160 అనుకోండి. దాంట్లో ముప్పావు 120. ఏ సిలిండరైనా 120 కంటే తక్కువ చూపిస్తే దాంట్లో లోపం ఉన్నట్టే.

ఇప్పుడు రకరకాల ఫలితాలు చూద్దాం.

అన్నీ బాగా, దగ్గర దగ్గరగా వస్తే: గాలి నిలుస్తోంది. బండి బలం తగ్గితే కారణం వేరే చోట వెతకాలి. ప్లగ్గులు, కార్బొరేటరు, ఫిల్టరు, క్లచ్చి, ఇవన్నీ ముందు చూడాలి.

అన్నీ తక్కువే, కాని సమానంగా వస్తే: ముందు పరీక్షనే అనుమానించాలి. బ్యాటరీ నీరసంగా ఉందా? ఎక్స్‌లేటరు తొక్కలేదా? ఇంజను చల్లగా ఉందా? అవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు టైమింగ్ బెల్టు చూడాలి. బెల్టు ఒక పన్ను జారినా వాల్వులు వేళకి మూసుకోవు, అన్ని అంకెలూ ఒకేసారి పడిపోతాయి. అదీ బాగుంటే అప్పుడు రింగులు, గోడలు సమానంగా అరిగాయని అనుకోవాలి. బాగా తిరిగిన బండిలో ఇది మామూలే. సమానంగా అరిగిన ఇంజను ఒక్కసారిగా ఆగిపోదు. ఘాట్‌లో గేరు ముందే దించాల్సి వస్తుంది, అంతే. డబ్బు కూడబెట్టుకునేదాకా నడుపుకోవచ్చు.

ఒక్కటే తక్కువ వస్తే: ఆ సిలిండరులోనే లోపం. వాల్వా, రింగులా అన్నది తేల్చాలి.

పక్కపక్కనున్న రెండు తక్కువ వస్తే: ఆ రెండింటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలి ఉండొచ్చు. ఒక సిలిండరు నొక్కిన గాలి పక్కదాంట్లోకి పోతుందన్నమాట.

పుస్తకంలో ఉన్నదాని కంటే బాగా ఎక్కువ వస్తే: సంతోషపడకూడదు! పిస్టన్ తల మీద, హెడ్డులో మసి గడ్డకట్టి చోటు తగ్గిపోయిందేమో చూడాలి. ఆయిలు తాగే ఇంజనులో ఆ ఆయిలే సందులు మూసి అంకెని పెంచి చూపించవచ్చు. ముసలి బండిలో మంచి అంకె కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది.

ముల్లు కదిలే తీరు కూడా చూడాలి. మొదటి నొక్కుకి కొంచెమే లేచి, తరవాత నొక్కు నొక్కుకీ కొంచెం కొంచెం పెరుగుతూ పోతే రింగుల మీద అనుమానం. మొదటి నొక్కుకే తక్కువగా ఉండి, ఎన్ని నొక్కులు కొట్టినా పెద్దగా పెరగకపోతే వాల్వు మీద అనుమానం.

తడి పరీక్ష, నీళ్ళ బోరింగు

రింగా, వాల్వా తేల్చడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. తక్కువ వచ్చిన సిలిండరులో ప్లగ్గు కన్నంలోంచి ఒక చిన్న చెంచాడు ఇంజను ఆయిలు పొయ్యాలి. తరవాత మళ్ళీ గేజి పెట్టి చూడాలి. దీన్ని తడి పరీక్ష అంటారు. ముందు చేసింది పొడి పరీక్ష.

ఇది ఎలా పని చేస్తుందో మనకి బాగా తెలుసు, కాని తెలుసని తెలీదు. ఊళ్ళో పాత నీళ్ళ బోరింగు ఎండాకాలంలో ఎంత కొట్టినా నీళ్ళు రాకపోతే పెద్దవాళ్ళు ఏం చేస్తారు? పైనుంచి ఒక చెంబు నీళ్ళు పోసి కొడతారు. లోపలి వాషరు తడిసి గొట్టానికి అతుక్కుంటుంది. గాలి పోవడం ఆగుతుంది. నీళ్ళు పైకొస్తాయి. ఇక్కడ ఆయిలు చేసే పని కూడా అదే. పిస్టన్ మీద పడిన ఆయిలు రింగుల చుట్టూ చేరి సందు మూస్తుంది.

కాబట్టి ఆయిలు పోశాక అంకె బాగా పెరిగితే లోపం రింగుల్లో, గోడల్లో ఉంది. పెరగకపోతే గాలి వాల్వు నుంచో, గ్యాస్కెట్ నుంచో పోతోంది. ఆయిలు కిందనే ఉంటుంది, పైన ఉన్న వాల్వుని అది మూయలేదు కదా!

ఆయిలు ఎక్కువ పొయ్యకూడదు. ఎక్కువైతే చోటు తగ్గి అంకె ఊరికే పెరుగుతుంది. డీజిలు ఇంజనుకి ఈ పరీక్ష చెయ్యకూడదు. దాంట్లో పైన మిగిలే చోటు మరీ తక్కువ. చెంచాడు ఆయిలుకే అంకె అబద్ధం చెప్తుంది, ఇంజనుకి దెబ్బ కూడా తగలొచ్చు.

మా మావయ్య బండి సంగతి

ఇదంతా నేను ఎక్కడ చూశానో చెప్తాను. మా మావయ్యకి మూడు సిలిండర్ల పెట్రోలు వ్యాను ఉంది. సెకండ్‌హాండులో కొన్నాడు. కాఫీ, మిరియాల డబ్బుతో అప్పు తీర్చాడు. మీటరు 1,80,000 దాటింది. మా ఊరికి, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకి అదే బండి.

కిందటి వానాకాలంలో బండి నిలబెట్టినప్పుడు వణకడం మొదలెట్టింది. ఘాట్ ఎక్కలేకపోయింది. పొద్దున్న స్టార్టు చేస్తే కొంచెం నీలం పొగ వచ్చేది. ఒక షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ పొగ చూసి, మోత విని, “ఇంజను అయిపోయింది, బోరు చెయ్యాల, 40 వేలు పట్టుకురా” అన్నారట. గేజి పెట్టి చూడలేదు. మావయ్య ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఎడ్ల జత అమ్మేద్దామన్నాడు. ఎడ్లు పోతే దుక్కి ఎలా అని అత్త ఏడ్చింది.

మా అయ్య మాత్రం, “ఇంకొకలికి చూపించి అప్పుడు అమ్ముదాం” అన్నాడు. దసరా సెలవుల్లో ఇంకొక మెకానిక్కు తాత దగ్గరికి వెళ్ళారు. మావయ్యకి, అయ్యకి చదువు రాదు. అంకెలు రాయడానికి నన్ను కూడా తీసుకెళ్ళారు. ఆ తాత గేజి బిగించి సెల్ఫ్ కొట్టమన్నాడు. నేను నోట్‌బుక్కులో రాశాను.

పొడి పరీక్ష
1వ సిలిండరు – 148
2వ సిలిండరు – 92
3వ సిలిండరు – 145

“ఏటమ్మా, సదువుకుంటన్నావు కదా, ఏటి కనిపిస్తంది సెప్పు,” అన్నాడు తాత. రెండోది తక్కువగా ఉంది తాతా అన్నాను. “అది సరే, మిగతా రెండూ ఎలాగున్నాయి?” అన్నాడు. ఆయన అడిగిన ఆ ప్రశ్నే ముఖ్యమైనదని తరవాత తెలిసింది. ఇంజను మొత్తం అరిగితే మూడూ పడిపోవాలి. ఇక్కడ రెండు బాగున్నాయి. మన ఎత్తుకి 148, 145 మంచి అంకెలే. 148లో ముప్పావు 111. రెండోది 92, అంటే లోపం దాంట్లోనే ఉంది.

తరవాత ఆయిలు పోసి చూశారు.

తడి పరీక్ష
1వ సిలిండరు – 158
2వ సిలిండరు – 95
3వ సిలిండరు – 153

రెండోది మూడే పెరిగింది. అంటే రింగులు కాదు. గ్యాస్కెట్ సిలిండర్ల మధ్య కాలితే పక్కదాని అంకె కూడా పడాలి, పడలేదు. రేడియేటరులో నీళ్ళు తగ్గడం లేదు, బుడగలు రావడం లేదు. ఇక మిగిలింది వాల్వు.

హెడ్డు విప్పేముందు తాత పైసా ఖర్చు లేని పని ఒకటి చేశాడు. టాపెట్ సందు చూశాడు. వాల్వుకి, దాన్ని నొక్కే భాగానికి మధ్య సన్నటి సందు ఉండాలి. ఇంజను వేడెక్కితే వాల్వు పొడుగవుతుంది. సందు లేకపోతే అది పూర్తిగా మూసుకోదు. రెండో సిలిండరులో పొగ వాల్వుకి అసలు సందే లేదు. సరిచేసి మళ్ళీ చూస్తే 96 వచ్చింది. పెద్దగా మారలేదు. “అంచు కాలిపోయింటాది,” అన్నాడు. కంప్రెసరు గాలి ఆ సిలిండరులోకి పంపి నన్ను సైలెన్సరు దగ్గర చెవి పెట్టమన్నాడు. ఫుస్ మని గాలి వస్తోంది. గాలి కార్బొరేటరు వైపు వస్తే లోపలి వాల్వు, సైలెన్సరు వైపు వస్తే పొగ వాల్వు, ఆయిలు పోసే మూత దగ్గర వస్తే రింగులు, రేడియేటరులో బుడగలు వస్తే గ్యాస్కెట్. ఇది కూడా రాసుకోండి.

హెడ్డు విప్పితే పొగ వాల్వు అంచు ఒక పక్క వేలి గోరంత కాలిపోయి ఉంది. వాల్వు మార్చారు, మిగతావి రుద్ది కూర్చోబెట్టారు, వాల్వు సీళ్ళు, గ్యాస్కెట్ కొత్తవి వేశారు. అంతా కలిపి 7,500 అయింది. బిగించాక చూస్తే 150, 147, 148 వచ్చాయి. పొద్దున్న వచ్చే నీలం పొగ కూడా పోయింది. రాత్రంతా ఆగిన బండి స్టార్టు చెయ్యగానే కాసేపు నీలం పొగ వచ్చి పోతే అది ఎక్కువగా సీళ్ళ వల్ల. ఘాట్ ఎక్కుతున్నంతసేపూ నీలం పొగ వస్తే రింగుల మీద అనుమానం. మొదటి షెడ్డులో ఈ తేడా చూడలేదు.

ఎడ్లు ఇంట్లోనే ఉన్నాయి. బండి తిరుగుతోంది.

కాని తాత ఇంకో మాట కూడా అన్నాడు. “ఒకటి, మూడు సూడు, ఆయిలు పోస్తే పదేసి, ఎనిమిదేసి పెరిగాయి. రింగులు కొంచెం అరగడం మొదలయ్యింది. ఇప్పుడు బెంగ లేదు. యాడాదికోపాలి ఇలాగే సూసి రాసుకోండి.” ఆ నోట్‌బుక్కు కాగితం ఇప్పుడు బండి డాష్‌బోర్డులో ఉంది. తేదీ, మీటరు అంకె, మూడు సిలిండర్ల అంకెలు రాసి ఉన్నాయి. మన హాస్టల్లో నర్సమ్మ రక్తం అంకె కార్డులో రాసినట్టే. ఒక్కసారి రాసిన అంకె కంటే ఏడాది ఏడాదికీ అంకె ఎలా మారిందో ఎక్కువ చెప్తుంది.

ఈ పరీక్షకి అందనివి

కంప్రెషన్ అంకెలు బాగున్నంత మాత్రాన ఇంజను మొత్తం బాగున్నట్టు కాదు. కింద బేరింగులు అరిగితే ఈ గేజికి తెలీదు. ఆయిలు పీడనం తగ్గినా తెలీదు. ఆయిలు తుడిచే రింగు అరిగి ఆయిలు తగ్గుతున్నా అంకె బాగానే రావొచ్చు. అందుకే బాగా తిరిగిన బండి కొనేటప్పుడు ఈ అంకెలతో పాటు పొగ, ఆయిలు ఖర్చు, మోత, రేడియేటరు నీళ్ళు, అన్నీ చూడాలి.

గుర్తు పెట్టుకోండి

• మాట విని కాదు, కొలిచి చూసి నిర్ణయించాలి. గేజి పెట్టకుండా “బోరుకి వచ్చింది” అంటే ఇంకో చోట చూపించాలి.
• ఒక్క అంకె కాదు, అన్ని అంకెలూ పక్కపక్కన పెట్టి చదవాలి.
• అన్నీ పడిపోతే ముందు పరీక్షని, బ్యాటరీని, బెల్టుని అనుమానించాలి.
• పొడి, తడి రెండూ రాయాలి.
• కొండ మీద అంకె పదో వంతు తగ్గడం ఇంజను జబ్బు కాదు.
• ఖర్చు లేని పని ముందు, ఖర్చున్న పని తరవాత.
• తేదీ వేసి రాసి ఉంచాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి చదువు రాకపోతే మనం రాసి పెట్టాలి.

మీరు చెప్పండి చూద్దాం!

ఒకటో లెక్క: నాలుగు సిలిండర్ల బండి. 150, 95, 90, 148 వచ్చాయి. ఆయిలు పోసినా మారలేదు. లోపం ఎక్కడ?

రెండో లెక్క: మూడు సిలిండర్ల బండి. 105, 102, 100 వచ్చాయి. ఆయిలు పోస్తే 140, 138, 135 అయ్యాయి. లోపం ఏంటి?

మూడో లెక్క: 110, 112, 110 వచ్చాయి. సెల్ఫ్ మూలుగుతూ నెమ్మదిగా తిరిగింది. ఎక్స్‌లేటరు ఎవరూ తొక్కలేదు. ఇంజను దించుదామా?

జవాబులు:
1. రెండు, మూడు సిలిండర్ల మధ్య హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం.
2. రింగులు, గోడలు సమానంగా అరిగాయి. బోరు పనికి డబ్బు కూడబెట్టుకోవాలి.
3. దించకూడదు! బ్యాటరీ చార్జింగ్ పెట్టి, ఎక్స్‌లేటరు తొక్కి మళ్ళీ పరీక్ష చెయ్యాలి.

మూడూ సరిగ్గా చెప్పినవాళ్ళు ఈసారి సెలవులకి వెళ్ళేటప్పుడు బండి ముందు సీట్లో కూర్చోండి. డ్రైవరు మావయ్యని “ఈ బండికి కంప్రెషన్ ఎప్పుడు చూశారు?” అని అడగండి.

– 9వ తరగతి విద్యార్థిని